నడిపేది ఇద్దరే, ఆగేది రేవు రేవున: ఏజియన్ సముద్రంలో దంపతుల వేసవి నౌకాయానం

వేసవిలో ఒక చిన్న తెరచాప పడవను అద్దెకు తీసుకుని, భార్యాభర్తలిద్దరే దానిని నడుపుకుంటూ ఒక ద్వీపం నుంచి మరో ద్వీపానికి సాగడం ఐరోపాలో చాలాకాలంగా ఉన్న అలవాటు. ఇటువంటి యాత్రలకు గ్రీసు దేశపు ఏజియన్ సముద్రం పేరెన్నికగన్నది. నిర్మలమైన ఆకాశం, కనుచూపు మేరలో ఉండే ద్వీపాల వల్ల ఈ ప్రయాణం తొలిచూపునకు సులభంగా తోస్తుంది. అయితే ఇద్దరే ఉన్న పడవకు అక్కడ గాలి ఎంత పరీక్షో, గడువు అంతకు మించిన పరీక్ష. ఫలానా తేదీకి తిరిగి చేరి తీరాలన్న తొందరే వారిని సముద్రం బాగా లేని రోజున రేవు దాటిస్తుంది.

రుతుపవనాలతో చుట్టరికం

వేసవి నెలల్లో ఏజియన్ మీద ఉత్తర దిశ నుంచి పొడి గాలులు వీస్తాయి. ప్రాచీన గ్రీకులు వీటిని ఎటీసియన్, అంటే ఏటేటా వచ్చే గాలులు అన్నారు. నేటి నావికులు మెల్టెమి అంటారు. జులై, ఆగస్టు నెలల్లో వీటి ఉధృతి ఎక్కువ. బాల్కన్ ప్రాంతంపై అధిక పీడనం, తుర్కియేపై అల్పపీడనం నెలకొనడం ఇందుకు కారణం. వాయవ్య భారతం, పాకిస్థాన్‌ల నుంచి పశ్చిమాసియా మీదుగా పరుచుకునే వేసవి అల్పపీడన ప్రాంతానికి ఇది పడమటి కొస. అంటే భారతదేశానికి నైరుతి రుతుపవనాలను రప్పించే వ్యవస్థే అక్కడ ఉత్తరపు గాలికీ ఊతమిస్తుంది. భారత పశ్చిమ తీరంలో చిన్న పడవలు ఒడ్డెక్కే నెలలే ఏజియన్‌లో విహార కాలం.

మెల్టెమి వచ్చే ముందు మబ్బు పట్టదు, ఉరుము వినిపించదు. నీలాకాశం కిందనే గాలి బోఫర్ట్ కొలమానంపై 7వ స్థాయికి చేరవచ్చు. అప్పుడు దాని వేగం 28 నుంచి 33 నాట్లు, అంటే గంటకు 50 కిలోమీటర్ల పైమాటే. ఒక్కోసారి రోజుల తరబడి తగ్గదు. అందువల్ల ఆకాశాన్ని కాక, వాతావరణ శాఖ సముద్ర సూచనలను నమ్ముకోవాలి.

వెళ్లడం తేలిక, రావడం కష్టం

ఏథెన్స్‌కు సమీపంలోని లావ్రియో రేవు నుంచి కేయా, కిత్నోస్, సిరోస్ ద్వీపాల మీదుగా పారోస్ చేరే మార్గాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. 5 నాట్ల వేగంతో సాగే పడవకు 30 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 56 కిలోమీటర్లు దాటడానికి ఆరు గంటలు పడుతుంది. వెళ్లేటప్పుడు గాలి వెనుక నుంచి తోస్తుంది కనుక ప్రయాణం హాయిగా ఉంటుంది. చిక్కంతా తిరుగు ప్రయాణంలోనే. తెరచాప పడవ గాలికి నేరుగా ఎదురు పోలేదు. సుమారు 45 డిగ్రీల కోణంలో అటూ ఇటూ మలుపులు తీసుకుంటూ సాగాలి. అప్పుడు ఆ 30 మైళ్లే 40 మైళ్లకు పైబడతాయి. అలలు కూడా ఎదురొడ్డుతాయి.

కాబట్టి వెళ్లడానికి కేటాయించిన రోజుల కంటే రావడానికి ఎక్కువ రోజులు మిగుల్చుకోవాలి. అంత వ్యవధి లేనివారికి ఎజీనా, పోరోస్, హైడ్రా ద్వీపాలున్న సరోనిక్ సింధుశాఖ మేలు. అక్కడ గాలి తీవ్రత సాధారణంగా తక్కువ.

రేవులో ఇద్దరి పని

తెల్లవారుజామునే బయలుదేరి మధ్యాహ్నానికి ముందే రేవు చేరడం అనుభవజ్ఞుల పద్ధతి. గాలి తరచూ మధ్యాహ్నం తర్వాత బలపడుతుంది. ఆగస్టులో రేవుల్లో చోటు కూడా త్వరగా నిండిపోతుంది. ఇక్కడ పడవను గట్టుకు పక్కవాటుగా కట్టడం అరుదు. కొంత దూరంలో ముందు భాగం నుంచి లంగరు వదిలి, వెనక్కి నడుపుతూ గట్టును సమీపించి, వెనుక రెండు తాళ్లతో కట్టాలి. ఒకరు చుక్కాని పడితే, రెండో వారు ముందు లంగరు చూసుకుని, వెంటనే వెనక్కి వచ్చి తాళ్లు అందుకోవాలి. ఇంజిను, గాలి హోరులో మాట వినిపించదు కనుక చేతి సైగలను ముందే నిర్ణయించుకోవడం అవసరం.

ఒకరు నీట పడితే

ఇద్దరి పడవలో అతి పెద్ద ప్రమాదం ఇదే. ఒకరు నీళ్లలో పడితే, మిగిలిన ఒక్కరే పడవను మళ్లించాలి, పడినవారిని కనిపెట్టి ఉండాలి, వీహెచ్ఎఫ్ రేడియో 16వ ఛానెల్‌లో సహాయం కోరాలి, చివరకు తడిసిన మనిషిని పైకి లాగాలి. అందుకే లైఫ్ జాకెట్‌తో పాటు, మనిషిని పడవకు కట్టి ఉంచే భద్రతా పట్టీ ముఖ్యం. చుక్కాని భర్తది, తాళ్లు భార్యవి అన్న పని విభజన ఇక్కడ చెల్లదు. ప్రతి పనీ ఇద్దరికీ వచ్చి ఉండాలి. అలా నేర్చినప్పుడు ఇద్దరే చాలు. బ్రిటన్‌కు చెందిన ఎరిక్, సూసన్ హిస్కాక్ దంపతులు 1952-55 మధ్య 30 అడుగుల ‘వాండరర్ 3’ పడవలో ప్రపంచాన్ని చుట్టివచ్చారు.

భారతీయులకు సూచన

భారత పాస్‌పోర్టు ఉన్నవారికి గ్రీసు వెళ్లేందుకు షెంగెన్ వీసా కావాలి. స్వల్పకాలిక వీసాపై ఏ 180 రోజుల వ్యవధిలోనైనా 90 రోజులకు మించి ఉండరాదు. దగ్గరే కదా అని తుర్కియే తీరానికి దాటితే షెంగెన్ ప్రాంతం విడిచినట్టే. తిరిగి రావాలంటే ఒకటి కంటే ఎక్కువసార్లు ప్రవేశించడానికి అనుమతించే వీసా ఉండాలి. వేతన నావికుడు లేకుండా పడవ అద్దెకు తీసుకునేందుకు గుర్తింపు పొందిన అర్హత పత్రం తప్పనిసరి.

పడవ అప్పగించే రోజుకు, విమానం ఎక్కే రోజుకు మధ్య ఒకటి రెండు రోజులు ఖాళీగా ఉంచుకోవడం ఈ యాత్రలో అన్నిటికంటే చవకైన జాగ్రత్త. గాలి తగ్గకపోతే రేవులోనే మరో రోజు ఉండిపోవడానికి ఆ ఖాళీయే వీలు కల్పిస్తుంది.