వేలికి తగిలే అక్షరం

ఈ సంచిక పేజీలన్నీ డి.టి.పి. చేయించి ఆఫ్‌సెట్‌లో వేయించాం. వార్షికోత్సవ ఆహ్వానపత్రం మాత్రం పాత ట్రెడిల్ మిషను మీద అచ్చయింది. "కంప్యూటర్లుండగా ఆ పాత పద్ధతెందుకు?" అని చాలామంది మిత్రులు అడిగారు. అందుకే ఈ నాలుగు మాటలు.

నిరుడు సంచికలో ఇద్దరు తమ్ముళ్ల ఇంటిపేర్లు తారుమారయ్యాయి. తప్పు మాదే. కాపీ చేసి అతికించి, మళ్లీ చూసుకోలేదు. మొదటిసారి అచ్చులో తన పేరు చూసుకోబోయిన పిల్లవాడికి అదెంత కష్టమో అప్పుడు తెలిసింది. ఈసారి ఆహ్వానపత్రంలో పేర్లు మా చేత్తోనే కూర్చాలనుకున్నాం.

పట్టణంలోని ఒక ప్రెస్సులో ట్రెడిల్ ఇంకా ఉంది, బిల్లు పుస్తకాలకు నంబర్లు వేయడానికి, అట్టలకు మడతగీత కొట్టడానికి. తెలుగు టైపు కూడా కొంత మిగిలింది. కంపోజింగ్ చేసే పెద్దాయన మమ్మల్ని కేసు ముందు నిలబెట్టారు.

కేసంటే గళ్లగళ్ల చెక్కపెట్టె. గడికొక అక్షరం. సీసం, తగరం, ఆంటిమొనీ కలిపి పోతపోసిన ముక్కలవి. గట్టితనమిచ్చేది ఆంటిమొనీ. (ఇంగ్లీషులో పెద్దబడి పై కేసులో, చిన్నబడి కింది కేసులో ఉండేవి. 'అప్పర్ కేస్', 'లోయర్ కేస్' అన్న మాటలు అక్కడివే.) తెలుగుకు గుణింతాలు, వత్తులు కలిపి ఎన్నో రెట్లు ఎక్కువ ముక్కలు కావాలి. మైంజ్‌లో గూటెన్‌బర్గ్ 1455 ప్రాంతంలో బైబిలు అచ్చువేసింది విడి అక్షరాలు పేర్చే ఈ పద్ధతిలోనే. విలియం కేరీ తెలుగు వ్యాకరణం 1814లో సెరాంపూర్‌లో అచ్చయిందీ ఇలాగే.

ఎడమచేతిలో స్టిక్కు పట్టుకుని కుడిచేత్తో ఒక్కొక్క ముక్కా పేర్చాలి. అక్షరం అద్దంలోలా తిరగబడి ఉంటుంది. మేము కళ్లు చికిలించి చదవబోతే పెద్దాయన నవ్వారు. "చదవకు బాబూ, తడుము" అన్నారు. ప్రతి ముక్క ఒంటిమీదా ఒక గాడి ఉంటుంది. గాళ్లన్నీ ఒకవైపుంటే ముక్కలన్నీ సరిగా నిలిచినట్టు. మాటల మధ్య ఖాళీక్కూడా సీసపు ముక్కే పెట్టాలి. పన్నెండు పేర్లకు మాకు ఒక సాయంత్రం పట్టింది. ఒక్క పేరూ చూడకుండా దాటలేకపోయాం.

తర్వాత ప్రూఫు తీసి, దిద్ది, ఇనుప ఛేజులో కదలకుండా బిగించి మిషనుకెక్కించారు. రోలర్లు సిరా రాస్తాయి, ఒక చేత్తో కాగితం పెట్టి రెండో చేత్తో తీయాలి. ఏమరితే వేళ్లు నలుగుతాయి.

అమెరికా, యూరప్‌లలో పెళ్లిపత్రికల కోసం ఈ అచ్చు మళ్లీ ఆదరణ పొందింది. దళసరి నూలు కాగితంలో అక్షరం దిగి వేలికి తగలడమే దాని అందం. అక్కడ చాలామంది సీసం వాడరు, కంప్యూటరులో డిజైను చేసి పాలిమర్ ప్లేటు తీసి పాత మిషనుకు బిగిస్తారు. పాతకాలపు పనివాళ్లయితే అంత లోతుగా నొక్కడం తప్పనేవారు!

మేము ఆ రోజులే మంచివనడం లేదు. రోజంతా నిలబడి పని, కంటికి శ్రమ, చేతులకు సీసం. డి.టి.పి. వచ్చాక ఎందరో కంపోజిటర్ల బతుకుతెరువు పోయింది, టైపు తూకానికి అమ్ముడుపోయింది. ఆఫ్‌సెట్ లేకపోతే ఈ సంచిక ఖర్చు మేము భరించలేం కూడా.

అచ్చయ్యాక అక్షరాలను కిరసనాయిలుతో కడిగి, విడదీసి, ఎవరి గడిలో వాటిని వేయాలి. ఆ పనీ మాకే అప్పగించారు. రెండు వత్తులు తప్పుగళ్లలో వేశామని మరునాడు పెద్దాయన కబురు పంపారు.