అంకెలకు రూపు కట్టే సాధనం ఏది?

జంషెడ్‌పూర్ పటం తీసి చూడండి. నగరానికి ఉత్తరపు అంచున సువర్ణరేఖ నది పారుతూ ఉంటుంది. సాక్చీ వైపు నుంచి వంతెన దాటితే మాంగో వస్తుంది. పేరు చూసి మామిడి తోపు అనుకునేరు! 2011 జనాభా లెక్కల నాటికే రెండు లక్షలు దాటిన ప్రాంతం అది. 1907లో స్థాపించిన టాటా ఉక్కు కంపెనీ 1912లో తొలి ఉక్కు తీసింది. ఆ తరవాత పనుల కోసం అక్కడికి వెళ్ళి స్థిరపడిన వారిలో మన ఉత్తరాంధ్ర వాళ్ళు చాలామంది ఉన్నారు.

అలాంటి ఒక తెలుగు కుటుంబానికి మాంగోలోని డిమ్నా రోడ్డులో ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం ఉందనుకుందాం. దుకాణమూ, దాని అమ్మకాల అంకెలూ మన ఊహే. 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చాక బిల్లులన్నీ కంప్యూటర్లోకి ఎక్కాయి. ఒకరోజు ఒక సాఫ్ట్‌వేర్ ప్రతినిధి వచ్చి, "మీ వ్యాపారమంతా ఒకే తెర మీద రంగురంగుల గ్రాఫులుగా కనిపిస్తుంది, నిమిష నిమిషానికీ మారుతుంది" అన్నాడు. మనిషికి నెలకు వెయ్యి రూపాయలు, చూసేవాళ్ళు ముగ్గురు. అంటే ఏడాదికి 36 వేలు. ఒక ఫ్యాను మీద 150 రూపాయలు మిగిలితే, ఇది 240 ఫ్యాన్లు అమ్మితే వచ్చే లాభం! యజమాని ఆలోచనలో పడ్డాడు. కాలేజీలో చదువుతున్న మేనకోడలు మాత్రం ఒకటే అడిగింది: "మావయ్యా, ఆ బొమ్మలు చూసి నువ్వు ఏ నిర్ణయం మార్చుకుంటావు?"

ఈ ప్రశ్నను పట్టుకునే మనమూ ముందుకు పోదాం.

దత్తాంశాలను, అంటే పోగుచేసిన అంకెలను, కంటికి కనిపించే ఆకారాలుగా మార్చడాన్నే డేటా విజువలైజేషన్ అంటారు. ఈ విద్య తొలినాళ్ళలోనే వ్యాపారపు లెక్కల్లోకి వచ్చింది. 1786లో విలియం ప్లేఫేర్ అనే స్కాట్లండ్ దేశీయుడు ఇంగ్లండు ఎగుమతి దిగుమతులను గీతలుగా గీసి ఒక పుస్తకం వేశాడు. ఏళ్ళ తరబడి లెక్కలు ఉన్నాయి కనుక గీత గీయడం కుదిరింది. స్కాట్లండ్ విషయానికి వచ్చేసరికి ఆయనకు ఒక్క ఏడాది లెక్కలే దొరికాయి. ఒక్క ఏడాదితో గీత ఎలా గీస్తాం? అందుకని దేశానికి రెండేసి కమ్మీల చొప్పున నిలబెట్టాడు, కాదు, పడుకోబెట్టాడు. మీరు పాఠ్యపుస్తకాల్లో చూసే కమ్మీ రేఖాచిత్రానికి అదే తొలి రూపాల్లో ఒకటి. గమనించారా? ఏ బొమ్మ గీయాలో ఆయన చేతిలో ఉన్న అంకెలే నిర్ణయించాయి.

ఇక మన దుకాణానికి వద్దాం. జనవరి నుంచి జూన్ వరకు కొనేవారు అడిగిన సీలింగ్ ఫ్యాన్లు వరసగా 10, 14, 22, 30, 28, 16. స్విచ్ బోర్డులు 19, 21, 20, 20, 21, 19. కూడి చూడండి. రెండూ 120. నెలకు సగటు రెండింటికీ 20. యజమాని ఆ సగటునే నమ్ముకుని ప్రతి నెలా మొదట్లో ఇరవయ్యేసి తెప్పిస్తున్నాడు. స్విచ్ బోర్డుల విషయంలో పెద్దగా చిక్కు లేదు. ఫ్యాన్ల సంగతి చూడండి. జనవరి చివర 10 మిగులుతాయి, ఫిబ్రవరి చివర 16, మార్చి చివర 14, ఏప్రిల్ చివర 4. మే నెలలో ఆ నాలుగూ, కొత్తవి ఇరవై కలిపి 24 ఉంటే అడిగినవారు 28 మంది! చలికాలంలో డబ్బు అటక మీద మూలిగింది. మండుటెండల్లో నలుగురు వట్టి చేతులతో వంతెన దాటి సాక్చీ బజారుకు పోయారు. మళ్ళీ ఇటు వస్తారో రారో!

గ్రాఫు కాగితం మీద ఈ రెండు వరసలనూ గీతలుగా గీసి చూడండి. ఒకటి దాదాపు చదునుగా సాగుతుంది, రెండోది గుట్టలా లేస్తుంది. సగటు దాచిపెట్టిన సంగతి కన్ను ఒక్క క్షణంలో పట్టుకుంటుంది. 1973లో ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ అనే గణాంక శాస్త్రవేత్త ఇదే విషయాన్ని ఇంకా గట్టిగా చూపించాడు. ఆయన తయారుచేసిన నాలుగు అంకెల పట్టికలకు సగటు, విస్తృతి, సహసంబంధం దాదాపు అన్నీ ఒకటే. గ్రాఫు గీస్తే నాలుగూ నాలుగు తీరులు.

అయితే ఏ బొమ్మనైనా కన్ను ఒకేలా చదవగలదా? చదవలేదు. 1984లో విలియం క్లీవ్‌లాండ్, రాబర్ట్ మెక్‌గిల్ అనే ఇద్దరు మనుషుల చేత రకరకాల గ్రాఫులు చదివించి, ఎక్కడెంత పొరపాటు పడుతున్నారో కొలిచారు. ఒకే కొలబద్ద మీద ఉన్న బిందువులను పోల్చడంలో మనం దిట్టలం. పొడవుల్లో కొంచెం తడబడతాం, కోణాల్లోనూ అంతే. వైశాల్యాల దగ్గర ఇంకా ఎక్కువ పొరబడతాం. రంగు ముదురూ లేతా చూసి అంకె చెప్పమంటే మరీ కష్టం. వృత్తరేఖాచిత్రంలో 23 శాతం ముక్కకూ 26 శాతం ముక్కకూ తేడా చెప్పడానికి తంటాలు పడే కన్ను, అవే అంకెలు పక్కపక్కన కమ్మీలుగా నిలబెడితే సులువుగా చెప్పేస్తుంది. ఇక ఆ వృత్తాన్ని వాల్చి, మందం కలిపి, లడ్డూ పళ్ళెంలా చేసి చూపించే ప్రోగ్రాములున్నాయే, వాటిని చూస్తే నాకు ఒళ్ళు మంట! ముందుకు వాలిన ముక్క లేనిపోని పెద్దరికం తెచ్చుకుంటుంది. ఎరుపూ ఆకుపచ్చా విడిగా గుర్తించలేని మగవాళ్ళు ప్రతి నూరుమందిలోనూ కొందరు ఉంటారని కూడా గుర్తుంచుకోండి. లాభం పచ్చన, నష్టం ఎర్రన అని గీస్తే వాళ్ళకు రెండూ ఒకటే.

ఇంతకంటే ప్రమాదకరమైనది కొలబద్ద మొదలు. మన యజమానికి కదమాలో రెండో దుకాణం కూడా ఉందనుకోండి. నెల అమ్మకం మాంగోలో 96 వేలు, కదమాలో 92 వేలు. తేడా వందకు నాలుగు. కంప్యూటర్ తనంతట తానే కొలబద్దను 90 వేల దగ్గర మొదలుపెడితే ఒక కమ్మీ 6 గళ్ళు, ఇంకొకటి 2 గళ్ళు లేస్తాయి. చూసినవాడు "కదమా దుకాణం మూడో వంతే అమ్ముతోంది, మూసేద్దాం" అంటాడు. అక్కడ పనిచేసే కుర్రాళ్ళ జీతం ఆ గీత మొదలు మీద ఆధారపడి ఉందన్నమాట. కొన్ని స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాములు నిజంగానే, అంకెల మధ్య తేడా తక్కువగా ఉంటే, సున్నాను వదిలేసి కొలబద్ద గీస్తాయి. కనుక సాధనం కొనేముందు సున్నా నుంచి మొదలుపెట్టే వీలు మన చేతిలో ఉందో లేదో చూడాలి. కమ్మీలకు సున్నా తప్పనిసరి. మార్పు చూపే గీతకు అంత పట్టింపు లేదు.

"నిమిష నిమిషానికీ మారుతుంది" అన్నాడు కదా ప్రతినిధి. ఇది మేలేనా? జవాబు కోసం ఫ్యాక్టరీల దగ్గరికి పోవాలి. 1924లో అమెరికాలో వాల్టర్ షూహార్ట్ అనే ఆయన, తయారయ్యే వస్తువుల కొలతలు కొద్దికొద్దిగా ఎటూ మారుతూనే ఉంటాయని, ఆ సహజమైన ఊగిసలాటను నిజమైన చెడు నుంచి వేరుచేయాలని ఒక పటం సూచించాడు. మధ్యలో సగటు గీత. అంకెల ఊగిసలాటను బట్టి లెక్కకట్టి పైనొక హద్దు, కిందొక హద్దు. చుక్కలు ఎటూ మొగ్గకుండా హద్దుల మధ్య ఉన్నంతవరకు యంత్రం జోలికి పోవద్దు, దాటితే కారణం వెతుకు. దీన్నే కంట్రోల్ చార్టు అంటారు. షూహార్ట్ 1947-48లో భారత గణాంక సంస్థ పిలుపు మీద మన దేశానికి వచ్చి ఉపన్యాసాలిచ్చాడు కూడా. జంషెడ్‌పూర్ పక్కనే ఉన్న ఆదిత్యపూర్‌లో వాహనాల విడిభాగాలు చేసే చిన్న కర్మాగారాలు ఎన్నో. పిన్నులు తరిమే లేతు దగ్గర చార్టు గీయడానికి ఒక అట్ట, పెన్సిలు చాలు.

దుకాణంలోనూ ఇదే న్యాయం. నిన్న 60 బిల్లులు, ఇవాళ 52. తెర మీద ఎర్ర బాణం కిందికి తిరుగుతుంది, యజమాని పనివాళ్ళ మీద కేకలు వేస్తాడు. రేపు 61 అవుతాయి, తన కేకల వల్లే అనుకుంటాడు! ఆ ఎనిమిది బిల్లుల తేడా మామూలు ఊగిసలాటే కావచ్చు. ఫ్యాన్లు తెప్పించేది నెలకొకసారి. నెలకొకసారి తీసుకునే నిర్ణయానికి నిమిషానికొకసారి మారే బొమ్మ ఎందుకు? అదే ఆస్పత్రిలో రోగి గుండె చప్పుడు చూసే తెర అయితే వేరు సంగతి.

ఇప్పుడు సాధనాల మాట. మన దుకాణంలో రోజుకు 60 బిల్లులు, బిల్లుకు మూడు వస్తువులు, ఏడాదికి 300 రోజులు. అంటే 54 వేల వరసలు. ఎక్సెల్ ఒక్క షీటులో 10,48,576 వరసలు పడతాయి. 19 ఏళ్ళ అమ్మకాలు అందులో ఇమిడిపోతాయి! లిబ్రె ఆఫీస్ కాల్క్ అయితే డబ్బులే అక్కర్లేదు. 2003లో మొదలైన టాబ్లో కంపెనీ ప్రోగ్రాము, 2015లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన పవర్ బి.ఐ. వంటివి ఎప్పుడు అక్కరకొస్తాయంటే, దుకాణాలు చాలా ఉండి, లెక్కలు వేరు వేరు చోట్ల నిలవై, ఒకే బొమ్మను పలువురు తమ తమ ప్రశ్నలతో విప్పి చూడవలసి వచ్చినప్పుడు. ప్రోగ్రాము రాయడం వచ్చినవారికి 'ఆర్' భాష, పైథాన్‌లోని మాట్‌ప్లాట్‌లిబ్ ఉచితంగా దొరుకుతాయి. ఒకసారి రాస్తే ప్రతి నెలా అదే బొమ్మ తప్పు లేకుండా వస్తుంది. కాని రాసిన మేనకోడలు ఉద్యోగానికి బెంగుళూరు వెళ్ళిపోతే దాన్ని సరిచేసేవాళ్ళు ఉండాలి కదా!

కొన్ని ఉచిత సాధనాలు మన బొమ్మను లోకమంతా చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టడానికే ఉద్దేశించినవి. జనాభా లెక్కలకు అవి బ్రహ్మాండం. ఖాతాదారుల ఫోను నంబర్లూ అప్పులూ ఉన్న పట్టిక మాత్రం అందులో పెట్టకూడదు. ఇంకోటి, చందా ఆపేసిన రోజున మన అంకెలు మామూలు ఫైలుగా మన చేతికి తిరిగి వస్తాయా అని ముందే అడగాలి.

మేనకోడలు ప్రతినిధిని రెండు కోరికలు కోరింది. ఈ ఆరు నెలల ఫ్యాన్ల లెక్కను అక్కడికక్కడే గీసి, దుకాణంలో మావయ్య వాడే చిన్న ఫోనులో చూపించమంది. ఆ తరవాత అదే లెక్కను తిరిగి పట్టికగా బయటికి తీసి ఇమ్మంది. మొదటిది అయిదు నిమిషాల్లో అయింది. రెండోదానికి అతను ఆఫీసుకు ఫోను చేయవలసి వచ్చింది. యజమాని ఆ సంవత్సరానికి చందా కట్టలేదు. కాల్క్‌లో గీసిన గీతను అచ్చు తీయించి గల్లాపెట్టె పక్కన అంటించాడు. వచ్చే జనవరికి పన్నెండు, ఏప్రిల్‌కు ముప్పై అని దాని కిందే పెన్సిలుతో రాసుకున్నాడు.