కారుకొట్టము – రేగడినేల: కొన్ని అపోహలు

కర్నూలు, కడప సీమలలో ఇంటిని ఆనుకొనకుండ, ముంగిటనో పెరటనో, కారు కొరకు వేరుగా ఒక షెడ్డును లేవనెత్తుట ఇప్పుడు పరిపాటియైనది. ఒకప్పుడు ఎద్దులకును బండికిని వేసిన కొట్టమే యిది. ఎద్దులు నిలిచినచోట కారు నిలిచినది, బోదకప్పు ఉన్నచోట రేకులు వచ్చినవి. ఆనాటి కొట్టమునకు మన పెద్దలు ఎవ్వరి యనుమతియు కోరలేదు, దాని క్రింద పునాదియు తీయలేదు. ఆ వాడుకయే నేటికిని మనస్సులలో నిలిచియుండుటచేత, చదువుకొన్నవారును ఈ కారుకొట్టము విషయమున కొన్ని భ్రమలకు లోనగుచున్నారు.

“రేకుల షెడ్డే గదా, అది కట్టడమెట్లగును?” అనునది వానిలో మొదటిది. హైదరాబాదు కొరకు 1955 సంవత్సరపు పేరుతో వెలువడి, పిమ్మట కర్నూలు, కడపలవంటి ఇతర నగరపాలక సంస్థలకును వర్తించిన చట్టము ‘కట్టడము’ అను మాటకు చెప్పిన యర్థమును ఒక్కమారు చదివినచో ఈ సందేహము తీరును. అందు ఇల్లును, ఇంటి వెలుపలి గదియు, గుర్రపుశాలయు, షెడ్డును, గుడిసెయు, గోడయు చేరియున్నవి. ఇటుకతో కట్టినను, మట్టితో కట్టినను, కొయ్యతోనో లోహముతోనో నిలిపినను భేదము లేదు. గుర్రపుశాలను విడువని శాసనము కారుశాలను విడుచునా?

“మా జాగా, మా యిష్టము” అనునది దాని తోబుట్టువు. 2017 మార్చిలో 119వ ఉత్తరువుగా వెలువడిన ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమావళి, స్థలముయొక్క విస్తీర్ణమును, ఎదుటి దారి వెడల్పును, భవనముయొక్క ఎత్తును బట్టి ఇంటిచుట్టు ఎంతెంత ఖాళీ విడువవలెనో నిర్ణయించుచున్నది. ఆ ఖాళీ గాలికిని, వెలుతురునకును, అగ్నిప్రమాదము సంభవించినపుడు మనుష్యులు వచ్చిపోవుటకును ఉద్దేశింపబడినది. ప్రహరీగోడకును ఇంటికిని నడుమ రేకులు కప్పి దానిని మూసివేసిన యెడల నష్టపడువాడు పొరుగువాడు మాత్రమే కాడు. జాతీయ భవన నిర్మాణ స్మృతి సిఫారసు గ్రంథమే యైనను, ఈ విషయమున దాని మాట స్పష్టముగా నున్నది: గ్యారేజి వీధివైపు భవనరేఖకు వెనుకనే యుండవలెను, ఇంటిలోనికి పోవు త్రోవకు అడ్డు రాకూడదు. సొంత కారు గ్యారేజికి 3 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల పొడవు, 2.4 మీటర్ల ఎత్తు కనీసమని దాని 2005 నాటి కూర్పు చెప్పుచున్నది. పల్లెలలో నియమములే లేవనుటయు పొరపాటు. గ్రామపంచాయతీలకు 2002 నుండియే వేరుగా నియమావళి కలదు.

ఇంతవరకు చెప్పినది కాగితముల మాట. కాగితము సరిగా నున్నను నేలను ఎరుగనివాని గ్యారేజి నిలువదు గనుక, ఇక నేలను గూర్చి తీరికగా చెప్పవలసియున్నది.

నంద్యాల, కోవెలకుంట్ల, ఆళ్లగడ్డ, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతములలో విస్తారముగా పరచుకొన్న నల్లరేగడి పంటకు తల్లివంటిది. గోడకు మాత్రము పగయే. దానిలోని మాంట్‌మొరిల్లొనైట్ అను ఖనిజము నీటిని పీల్చి ఉబ్బును, ఎండినపుడు ముడుచుకొనును. వేసవిలో చేయి దూరునంత వెడల్పుగా నెర్రెలు వాసిన నేలయే తొలకరి వానలకు మరల పూడుకొనుట సీమలోని ప్రతి రైతు కన్నులార చూచినదే. ఆ చూచినవాడే తన పెరటిలో షెడ్డు వేయునపుడు “తేలికపాటి కట్టడము, దీనికి లోతు పునాది యెందుకు?” అనును. నా యెరుకలో ఇంతకంటె ఎక్కువ చేటు చేసిన అపోహ మరియొకటి లేదు. ఉబ్బు నేల కట్టడమును క్రిందనుండి పైకి నెట్టును; రెండు మూడంతస్తుల యిల్లు తన బరువుచే ఆ నెట్టుడును కొంత అణచగలదు, రేకుల కొట్టమునకు ఆ బరువు లేదు. కావున తేలికయగుటయే దానికి అపాయము. గోడ మూలలనుండి ఏటవాలుగా బీటలు పాకుటయు, తలుపు చట్టములో బిగిసికొనిపోవుటయు, నేలబండలు నడుమ పొంగి అంచులలో క్రుంగుటయు దీని గుర్తులే.

“మాది వానలు లేని సీమ, మాకు ఉబ్బు భయమేమి?” అనువారును కలరు. సత్యము దీనికి సరిగా విరుద్ధము. ఏడాది పొడవునను తడిగానుండు నేల ఒకే తీరున నుండును. ఎనిమిది నెలలు పూర్తిగా ఎండి, ఆపై నాలుగు వానలకు తటాలున తడియు నేలయే మిక్కిలి కదలును. కరవుసీమ యగుటయే ఇక్కడి రేగడికి ఇంత చలనము తెచ్చినది. ఇక వరదకు సైతము మన సీమ అతీతము కాదని 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నదులు కర్నూలు నగరమును ముంచినపుడు తెలిసినదే. గ్యారేజి బేస్‌మట్టము చుట్టునున్న నేలకంటె 15 సెంటీమీటర్లైనను ఎత్తుగా నుండవలెనను ఆ స్మృతి నియమము అట్టి వరదకు చాలదు గాని, మామూలు వానకు ఇంటిచూరు నీరు లోనికి రాకుండుటకు చాలును.

“కాంక్రీటు మందముగా పోసిన చాలు”, “పునాది గోతిలో ఇసుక నింపిన చాలు” అను మేస్త్రీల మాటలును పరీక్షింపదగినవే. క్రింద రేగడి కదలుచుండగా పైనున్న కాంక్రీటు, ఎంత మందమైనను, మోయలేక పగులును. ఇసుక నీటిని ఆపదు. తనలో నిలిపి మెల్లగా రేగడికే అందించును. చేయవలసినది వేరు. రేగడిని వీలైనంత లోతు తీసివేసి, ఉబ్బనిదియు నీటిని త్వరగా చొరనీయనిదియు నైన గరుసుమట్టిని 15, 20 సెంటీమీటర్ల పొరలుగా పరచి, తడిపి, దిమ్మిస కొట్టించి, దానిపై నేల వేయవలెను. ఇట్టి ఉబ్బని మట్టిపొర సుమారు ఒక మీటరు మందమున్నచో క్రింది రేగడియొక్క ఉబ్బు చాలవరకు అణగునని బొంబాయి ఐఐటీలో కట్టి అను ఆచార్యుడు చేసిన పరిశోధనలు చూపినవి. రేగడి ఇంకను లోతుగా నున్నచోట, అడుగున గంటవలె వెడల్పైన పైల్సును, తడియు పొడియు మారని లోతు వరకు, సాధారణముగా మూడున్నర మీటర్లవరకు, దింపుట రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ప్రచారములోనికి తెచ్చిన మార్గము. రేకులనుండి జారు నీటిని గొట్టముతో దూరముగా పంపుటయు, గోడచుట్టు బయటికి వాలుగా నాపబండల అరుగు కట్టుటయు వీనికి తోడు కావలెను.

నాపబండ మాట వచ్చినది గనుక ఒక్క ముక్క. బేతంచెర్ల, ఎర్రగుంట్ల బండ గట్టిదే. కాని అది సున్నపురాయి. క్రింద సమముగా ఆనక బోలుగా నున్నచోట కారుచక్రము పడిన విరుగును, బ్యాటరీ ఆమ్లము ఒలికిన పొంగి మరకపడును.

“ఏటేట పన్ను కట్టుచున్నాము, కావున అది సక్రమమైనట్లే” అనునది చివరి భ్రమ. పన్ను వసూలగుటచేత అనుమతి పుట్టదు. 2007 చివరను, మరల 2015లోను ప్రభుత్వము అపరాధ రుసుముతో క్రమబద్ధీకరణ పథకములు తెచ్చినది. అట్టిది మరల వచ్చునని నమ్మి కట్టుట సాహసము. కాలము గడచుటచేతగాని, వ్యయము చేసియుండుటచేతగాని అక్రమ కట్టడము సక్రమము కాజాలదని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టముగా తీర్పు చెప్పినది.

గోయి త్రవ్వక పూర్వమే నేలకు ఒక చిన్న పరీక్ష చేయించుట మేలు. జల్లించి ఆరబెట్టిన మట్టిని పదేసి గ్రాముల చొప్పున రెండు గాజు కొలపాత్రలలో, ఒకదాన నీరును మరియొకదాన కిరోసినును పోసి, ఒక దినముంచి చూచెదరు. కిరోసినులో మట్టి ఉబ్బదు. దానికంటె నీటిలో ఎంత ఎక్కువ పైకి లేచినదో ఆ భేదమే నేల స్వభావమును తెలుపును. కట్టడముల కొరకు మట్టిని పరీక్షించు ప్రయోగశాలలలో ఇది చేయుదురు. దాని ఖర్చు ఒక్క బీటను పూడ్పించు ఖర్చుకంటె తక్కువ.