హద్దుకు సాక్షి పొరుగువాడు

ప్రతి భూమికీ హద్దు ఉంటుంది. ఆ హద్దుకు ఇరువైపులా మనుషులుంటారు. కనుక ఒకరి హద్దును నిర్ణయించడమంటే రెండవవారి హద్దును కూడ నిర్ణయించడమే. అందుచేతనే, భూమిని కొలిపించదలచినవాడు దరఖాస్తు చేసినపుడు ఇరుగుపొరుగు భూయజమానులకు ముందుగా తెలియజేయాలనే నియమం ఏర్పడింది.

ఈ భావన మనకు కొత్తది కాదు. ‘సామంతుడు’ అనగానే చక్రవర్తికి లోబడిన రాజు స్ఫురిస్తాడు. కాని ధర్మశాస్త్రాలలో ఆ మాటకు చుట్టుప్రక్కల భూమి గలవాడని అర్థం. ఇల్లు, పొలం అమ్మదలచినవాడు వాటి హద్దులను పొరుగువారి, గ్రామ పెద్దల ఎదుట ఉన్నవి ఉన్నట్లుగా ప్రకటించాలని కౌటిల్యుని అర్థశాస్త్రం విధించింది. భూమి చేతులు మారేటపుడు సామంతుల అనుమతి ఎందుకని ప్రశ్నించుకొని, హద్దు తగాదాలు రాకుండుటకేనని విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో సమాధానం చెప్పాడు. ఆ గ్రంథాన్ని 13వ శతాబ్దంలో కేతన తెలుగు చేశాడు.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల మాగాణి భూములలో గట్టే హద్దు. మట్టిగట్టు దుక్కిలో కొంత, వాననీటికి కొంత ఏటేటా కరిగిపోతుంది. అప్పుడు రైతు హద్దు చూపమని అర్జీ పెట్టుకుంటాడు. రెవెన్యూ వాడుకలో దీనిని ‘ఎఫ్-లైన్ పిటిషన్’ అంటారు. సర్వేయరు అర్జీదారునికీ, సరిహద్దు రైతులకూ నోటీసులిచ్చి, చెప్పిన రోజున వారి సమక్షంలో గ్రామ రికార్డులోని కొలతల ప్రకారం హద్దు గుర్తిస్తాడు. గ్రామం మొత్తాన్ని సర్వే చేసినపుడు 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం వర్తిస్తుంది. 2020 డిసెంబరులో రాష్ట్రంలో ప్రారంభమైన భూముల పునఃసర్వేకు కూడ ఈ చట్టమే ఆధారం.

పెద్ద పనులకు పొరుగు అనే మాట ఊరంతటికీ విస్తరిస్తుంది. పట్టణ మాస్టర్ ప్లాన్‌లో భూవినియోగాన్ని మార్చదలచినపుడు ముసాయిదాను ప్రకటించి ప్రజల అభ్యంతరాలను ఆహ్వానిస్తారు. పర్యావరణ అనుమతి అవసరమైన భారీ పరిశ్రమల విషయంలో, 2006 నాటి కేంద్ర ప్రకటనను అనుసరించి, ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు పత్రికలలో తెలియజేయాలి.

నోటీసు ఇవ్వడమంటే పొరుగువాని దయను కోరడం కాదు. కయ్యానికి కాలు దువ్వడమూ కాదు. నిర్ణయం జరిగే ముందే తన మాట చెప్పుకొనే అవకాశాన్ని అతనికి కల్పించడం. ఒక పక్షాన్ని వినకుండ ఇచ్చిన తీర్పు న్యాయం కాజాలదన్న సూత్రమే దీనికి మూలం.

రేపల్లె సమీపంలో అరెకరం గల ఒక వృద్ధురాలు హైదరాబాదులో కుమారుని ఇంట ఉన్నదనుకొందాం. గ్రామ సర్వే నోటీసు ఆమె చేతికి అందలేదు. కొలతలనాడు ఆమె తరఫున గట్టుపై నిలిచినవారు లేరు. సర్వే పూర్తయినట్లు ప్రకటన వెలువడిన నాటి నుండి 3 సంవత్సరాలలోగా సివిల్ కోర్టును ఆశ్రయించే హక్కు చట్టం ఆమెకిచ్చింది. కాని విషయమే తెలియని మనిషికి ఆ గడువు ఎట్లు ఉపకరిస్తుంది? గట్టు మీద పది నిమిషాలలో తేలవలసిన విషయం కోర్టు మెట్లెక్కి ఏండ్ల తరబడి సాగుతుంది. దావా ఖర్చు ఆ అరెకరం విలువను మించినా ఆశ్చర్యం లేదు.

పల్లెలలో చాల ఇండ్లకు వచ్చిన కాగితాన్ని చదివి చెప్పేది చదువుకొంటున్న పిల్లలే. కనుక విద్యార్థులు నోటీసులోని సర్వే నంబరును, కొలతల తేదీని, అభ్యంతరాలకు గడువును గమనించి పెద్దలకు వినిపించాలి. దరఖాస్తు మన ఇంటిదే అయినపుడు, ప్రభుత్వ నోటీసు వెళ్ళేలోగా పొరుగింటికి మనమే వెళ్ళి మంచిమాటగా చెప్పి రావాలి. కాగితం చట్టాన్ని నిలుపుతుంది. ముందుగా చెప్పిన మాట ఇరుగుపొరుగు పొత్తును నిలుపుతుంది.