చిత్రసీమ కాపురము: జూబ్లీహిల్సు, ఫిలింనగరము

చలనచిత్రము చూచివచ్చిన పిదప కథను గూర్చియు, నాయిక కట్టిన చీరను గూర్చియు మనము దినములతరబడి ముచ్చటించుకొందుము. ఆ చిత్రములు పుట్టు పేట యెట్టిదో, అచ్చటివారు ఎట్లు కాపురము చేయుచున్నారో మనలో పెక్కుమంది యెఱుగరు. కావున హైదరాబాదునకు పడమటి దిక్కున నున్న జూబ్లీహిల్సు, ఫిలింనగరములను గూర్చి విన్నవించుచున్నాము.

అఱువది యేండ్లకు ముందు ఇది గుండురాళ్లును, ముండ్లపొదలును నిండిన గుట్ట. 1960 తరువాతి దశాబ్దమున ఐ.ఏ.యస్. అధికారియగు చల్లగళ్ల నరసింహారెడ్డిగారు సహకార గృహనిర్మాణ సంఘము నేర్పఱచి, ఈ రాళ్లనడుమ నొక పేట కట్టవచ్చునని సంకల్పించిరి. అప్పటికి తెలుగు చిత్రములలో అధికభాగము మద్రాసులోనే తయారగుచుండెను. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించినది మొదలు చిత్రసీమను రాజధానికి రప్పింపవలెనను ప్రయత్నము సాగుచుండెను. మొదట అమీరుపేటలో సారథీ స్టూడియో వెలసెను. పిదప అక్కినేని నాగేశ్వరరావుగారు 1976లో బంజారాహిల్సున 22 ఎకరముల రాతినేలయందు స్టూడియో నెలకొల్పి, దానికి తమ యిల్లాలు అన్నపూర్ణగారి పేరిడిరి. తరువాత నటులు కృష్ణగారి పద్మాలయా స్టూడియో, నిర్మాత దగ్గుబాటి రామానాయుడుగారి స్టూడియో వచ్చినవి. మద్రాసునుండి కుటుంబములకు కుటుంబములే తరలివచ్చినవి.

నేడీ గుట్టమీద లేని వ్యాపారము లేదు. 1988లో అపోలో ఆసుపత్రి వెలసెను. ఒకప్పుడు ఇండ్లే యుండిన 36వ నంబరు రోడ్డున నిప్పుడు నగల దుకాణములు, చీరల అంగళ్లు, భోజనశాలలు బారులు తీరియున్నవి. 2019లో మెట్రో రైలు వచ్చెను. 2020లో దుర్గముచెరువుపై తీగల వంతెన తెఱవబడి, 45వ నంబరు రోడ్డును మాదాపురముతో కలిపినది.

సంఘజీవనమునకును కొదువలేదు. ఆషాఢమున పెద్దమ్మగుడికి స్త్రీలు బోనములెత్తుకొని పోవుదురు. ఫిలింనగరమున దైవసన్నిధానమను ఆలయసముదాయము గలదు. కళాకారులెవరైన గతించినచో, పలుమారు వారి భౌతికకాయమును ఫిలిం ఛాంబరునందుంచి కడసారి దర్శనమునకు జనుల ననుమతింతురు.

ఇంతవఱకు గుట్టమీది మాట. ఇక గుట్ట దిగుదము. క్రింద కృష్ణానగరు గలదు. వేషములు అద్దెకిచ్చు అంగళ్లు, ఇఱుకు గదులు, వేకువజామున కూడళ్లలో పనికై నిలుచు జనము, ఇది దాని స్వరూపము. పెండ్లిపందిటిలో ముత్తైదువలుగాను, సంతలో బేరమాడు ఇల్లాండ్రుగాను తెఱపై మనము చూచు జూనియర్ ఆర్టిస్టులలో అనేకులు ఈ చుట్టుపట్లనే కాపురముందురు. తెల్లవాఱకమునుపే బిడ్డలకు వండిపెట్టి బయలుదేఱవలెను. కాల్షీటున్ననాడు కూలి, లేనినాడు లేదు. గుట్టమీద పెద్దవాన కురిసినచో ఆ నీరు కృష్ణానగరు వీధులలోనికే దిగును!

2020లో కరోనా వలన చిత్రీకరణములు నిలిచినపుడు పొయ్యిలో పిల్లి లేవని యిండ్లెన్నో. అప్పుడు చిరంజీవిగారి చొరవతో నటీనటులు విరాళములు కూర్చి కార్మికులకు వెచ్చములు పంచిరి. 2025 ఆగస్టులో వేతనవృద్ధికై కార్మికులు సమ్మె చేయగా చిత్రీకరణములు కొన్నినాళ్లాగినవి. నటులు ప్రభాకరరెడ్డిగారి పేర మణికొండ దాపున వెలసిన చిత్రపురి కాలనీ వారి సొంతయింటి కోరికకు గుఱుతు.

అన్నపూర్ణగారి పేరు స్టూడియో ద్వారముపై నున్నది. క్యాన్సరుతో గతించిన నందమూరి బసవతారకంగారి పేరు 2000లో బంజారాహిల్సున తెఱచిన ఆసుపత్రిపై నున్నది. ఇది మనకెంతయు గర్వకారణము. కాని వేకువనే కూడలిలో నిలుచు ఆ సోదరి పేరు ఏ ద్వారముపైనను లేదు; తెఱపైనను రాదు.

కావున మా విన్నపమొకటి. మీరిక చిత్రము చూచునపుడు నాయిక చీరతోపాటు, ఆమె వెనుక పళ్లెము పట్టుకొని నిలిచిన స్త్రీ ముఖమును గూడ నొక్కసారి చూడుడు. ఆమె కాపురముకూడ ఆ పేటలోనిదే.