మీ సర్వీసు పుస్తకం మీరే వ్రాసుకోవాలి

ఖరగ్‌పూర్ స్టేషను ప్లాట్‌ఫారం ప్రపంచంలోకెల్లా పొడవైనదని ఒకప్పుడు బడిపిల్లలు సైతం వల్లె వేసేవారు. దాని పొడవు 1,072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ 1,366 మీటర్లతో ఆ ఘనతను దక్కించుకొన్నది. 2023లో హుబ్బళ్లి 1,507 మీటర్లతో దానినీ అధిగమించింది. అంతమాత్రాన ఖరగ్‌పూర్‌లో రైలెక్కేవారెవరూ ప్రయాణం మానుకోలేదు. తమ బండి ఎప్పుడు వస్తుంది, ఎక్కడికి పోతుంది అన్నదే ప్రయాణికుల చింత.

అంతర్జాలంలో తమ వృత్తి పరిచయాన్ని, అంటే వాడుకలో ‘ప్రొఫైలు’ను, వ్రాసుకొనే వారు గుర్తుంచుకోవలసిన సత్యమిదే. ‘అత్యుత్తమ’, ‘అద్వితీయ’ అనే విశేషణాలు నేడుండి రేపు చెల్లిపోతాయి. ఈ మనిషి నా పనికి అక్కరకు వస్తాడా అన్నదొక్కటే క్లయింటు ప్రశ్న.

తాతలకు అక్కరలేని విద్య

ఈ రైల్వే పట్టణానికి ఈ పాఠం కొత్తది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి ఎన్నో తెలుగు కుటుంబాలు, ముఖ్యంగా ఉత్తరాంధ్రకు చెందినవి, ఇక్కడికి వలస వచ్చి స్థిరపడ్డాయి. వర్క్‌షాపులో చేరిన కార్మికుడికి తనను గూర్చి తాను ఒక్క వాక్యమైనా వ్రాసుకోవలసిన అగత్యం ఉండేది కాదు. ఏనాడు చేరాడో, ఏ హోదాలో ఉన్నాడో ఆఫీసులోని సర్వీసు పుస్తకమే చెప్పేది. చేతి నైపుణ్యానికి ట్రేడ్ టెస్టు సాక్ష్యం పలికేది.

మనుమల కాలం వేరు. అనువాదమో, లెక్కలో, డిజైనో ఇంట కూర్చొని స్వతంత్రంగా చేసేవారికి సర్వీసు పుస్తకం లేదు. దానిని వారే వ్రాసుకోవాలి. చదివేది ముఖపరిచయం సైతం లేని దూరదేశపు వ్యక్తి కావచ్చు.

లియొనార్డో ఉత్తరం

సుమారు 1482లో లియొనార్డో డావిన్చీ మిలాన్ పాలకుడు లుదోవికో స్ఫోర్జా కొలువు కోరుతూ ఒక ఉత్తరం సిద్ధం చేశాడు. దాని ముసాయిదా నేటికీ భద్రంగా ఉంది. ఆ మహాచిత్రకారుడు చిత్రలేఖనంతో మొదలుపెట్టలేదు. పాలకుడికి కావలసినవి యుద్ధసాధనాలని ఎరిగి, సులువుగా మోసుకుపోగల వంతెనలు, ఫిరంగులు, కోటలను కూల్చే ఉపాయాలు వరుసగా ఏకరువు పెట్టాడు. చిత్రలేఖనం ప్రస్తావన చివరికి గాని రాదు. వీటిలో ఏది అసాధ్యమనిపించినా తమరు కోరిన చోట పరీక్షకు సిద్ధమని విన్నవించుకొన్నాడు. ట్రేడ్ టెస్టును తానే కోరి పెట్టించుకోవడమన్నమాట!

మొదటి వాక్యం

2003లో ఆరంభమైన లింక్‌డిన్‌లో పేరు క్రింద కనిపించే శీర్షికకు పరిమితి 220 అక్షరాలు. ఆ కాస్త చోటులో ‘అనువాదకురాలు, భాషాభిమాని’ అని వ్రాసి ఊరుకొనే వారున్నారు. ఖరగ్‌పూర్ యువతి ఒకతె వైద్యపత్రాలు అనువదిస్తుందనుకొందాం. ‘ఆంగ్ల, బెంగాలీ వైద్యపత్రాలకు తెలుగు అనువాదం: అంగీకార పత్రాలు, మందుల వాడకం సూచనలు’ అని ఆమె వ్రాస్తే, వెతికేవారు వాడే మాటలే శీర్షికలో ఉంటాయి. ఎన్ని పుటలు ఎన్ని రోజులలో అందించగలదో దిగువన చెబితే సందేహం సగం తీరుతుంది.

చెవికి వచ్చిన భాష, చేతికి వచ్చిన భాష

ఇంట తెలుగు, బజారులో బెంగాలీ, స్నేహితులతో హిందీ, చదువులో ఆంగ్లం అబ్బడం ఖరగ్‌పూర్ బిడ్డలకు సహజం. వారి పెట్టుబడి ఇదే. ప్రమాదమూ ఇక్కడే పొంచి ఉంది. ధారాళంగా మాట్లాడే వారందరూ తప్పులేకుండా వ్రాయలేరు. లింక్‌డిన్ భాషా ప్రావీణ్యాన్ని ప్రాథమిక స్థాయి మొదలు మాతృభాషా స్థాయి వరకు ఐదు మెట్లుగా విభజించింది. అయితే మాట్లాడడం, చదవడం, వ్రాయడం మూడూ ఒకే మెట్టు మీద ఉండాలన్న నియమం లేదు. ఏ భాష నుండి ఏ భాషలోకి బాధ్యతతో అనువదించగలరో విడమరిచి చెప్పడమే ధర్మం. మందు మోతాదు తారుమారైతే మూల్యం చెల్లించేది ఎక్కడో ఉన్న రోగి.

నమూనా, సాక్ష్యం

క్లయింటు పత్రాలు గోప్యమైనవి. వాటిని ప్రదర్శనకు పెట్టరాదు. పునర్ముద్రణకు అనుమతి ఉన్న ఆరోగ్య కరపత్రం ఒకటి ఎంచుకొని, మూలం ప్రక్కనే అనువాదాన్ని ఉంచితే చాలు. ఇక సాక్ష్యం మాట. 2012లో లింక్‌డిన్ ప్రవేశపెట్టిన, ఒక్క మీట నొక్కితే ముగిసే సమర్థనలు పది పోగుచేయడం కన్న, పని చేయించుకొన్నవారు స్వయంగా వ్రాసిన నాలుగు వాక్యాల సిఫారసు మిన్న. పని ముగిసి సంతృప్తి పచ్చిగా ఉన్నప్పుడే దానిని అడగాలి.

ప్రొఫైలుపై సంతకం చేసే పై అధికారి ఎవరూ లేరు. మొదటి పని క్లయింటు చేతికి అందిన రోజే దాని తనిఖీ జరుగుతుంది. ఆనాడు నిలబెట్టుకోగల మాటలనే నేడు వ్రాసుకొన్నవారికి రెండవ పని వెతుక్కుంటూ వస్తుంది.