ప్లేటు వయస్సు చెప్పు పత్రికలు

పాత గ్రామఫోను ప్లేటును చేతికి తీసికొని చూచినచో దానిపై కంపెనీ పేరు, పాట, పాడినవారి పేరు, ఒక సంఖ్య కానవచ్చును. సంవత్సరము మాత్రము సాధారణముగా ఉండదు. నాదర్‌గుల్‌లో గాని, మరి యే ఊర గాని తాతలనాటి పెట్టెలో ఒక తెలుగు ప్లేటు దొరకినపుడు, ఇది ఎన్నడు పాడినది అను ప్రశ్నకు జవాబు చెప్పుట అందుచేతనే కష్టము. అమెరికా ప్లేటైనచో ఇంత చిక్కు లేదు. అచటి వర్తక పత్రికలు ఆ పని చేసిపెట్టినవి.

వీనిలో మొదటిదిగా ‘ఫోనోస్కోప్’ను చెప్పుదురు. అది 1896 నవంబరులో న్యూయార్కున వెలువడెను. దాని సంపాదకుడు రసెల్ హంటింగ్, మైనపు గొట్టములపై హాస్య సంభాషణలు పలికి పేరు పొందినవాడు. గొంతును నమ్ముకొని బ్రతుకు మాబోటివారికి ఈ సంగతి ముచ్చటగా తోచును! బెర్లినులో 1900లోను, లండనులో 1903లోను ఇట్టి పత్రికలే పుట్టినవి. 1905 జనవరిలో న్యూయార్కున ఎడ్వర్డ్ లైమన్ బిల్ ప్రారంభించిన ‘టాకింగ్ మెషీన్ వరల్డ్’ వీనిలో మిక్కిలి ప్రసిద్ధము.

ఇది సంగీత రసికులకై పుట్టిన పత్రిక కాదు, దుకాణదారులది. సూదుల ప్రకటనలు, పేటెంటు తగవులు, అద్దాల బీరువాను అలంకరించు విధము, బాకీలు రాబట్టు ఉపాయములు — ఇవియే అందలి ముచ్చటలు. వానితోపాటు రాబోవు ప్లేట్ల జాబితా సంఖ్యలతో సహా నెలనెలా అచ్చుపడుచుండెను. దుకాణదారుడు సరకు తెప్పించుకొనుటకై వేసిన ఆ జాబితాయే నేడు చరిత్రకారునికి పంచాంగ మైనది.

ఆ పుటలలో మన దేశము లేకపోలేదు. న్యూయార్కు రేవు నుండి ఏ పట్టణమునకు ఎన్ని పెట్టెలు, ఎన్ని డాలర్ల సరకు పోయెనో తెలుపు పట్టికలలో బొంబాయి, కలకత్తా పేర్లు తగులును. మరియు ప్లేటునకు ముఖ్యమైన లక్క మన దేశపు అడవులనుండియే పోవుచుండెను. మోదుగ, రేగు వంటి చెట్లపై పురుగు పెట్టిన లక్క లేనిదే న్యూయార్కున పాట లేదు. 1942లో యుద్ధమువలన లక్క కొరతపడి, అమెరికా ప్రభుత్వము ప్లేట్ల తయారీకి దాని వాడుకను బాగుగా తగ్గించివేసెను.

పెట్టెలను లెక్కించిన ఆ పత్రికలు మన గొంతులను లెక్కింపలేదు. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ పాటలను పట్టినపుడు ప్లేట్లు జర్మనీలోని హానోవరులో ముద్రింపబడెను. పాట తుదిని ఆమె తన పేరు తానే చెప్పుకొనుట, భాష తెలియని అచటి పనివారు గుర్తుపట్టుటకే యందురు. 1908లో కలకత్తాలోని సియాల్దాలో కర్మాగారము వచ్చిన పిదప ఆ దూరము తగ్గెను.

తెలుగు ప్లేట్లకు మిగిలిన ఆధారములు కంపెనీవారు దుకాణములకు పంచిన పలుచని కేటలాగులు. అవి చాలవరకు చెదలపాలైనవి. అమెరికా పత్రికల పాత సంపుటములను నేడు ఇంట కూర్చుండి కంప్యూటరులో చదువవచ్చును. మన కేటలాగు ఒక్కటి దొరకుటయే గగనము.

కావున ఇంట ప్లేటు ఉన్నవారు చీటీ చుట్టునున్న నునుపు భాగమును వెలుతురున త్రిప్పి చూడవలెను. అచట సన్నగా గీసిన సంఖ్య కంపెనీ రికార్డు పట్టిన వరుసలోనిది. దానిని వ్రాసి ఉంచుకొనుడు. ప్లేటు తొడుగుపై దుకాణదారుని ముద్ర యున్నచో ఆ కాగితమును పారవేయకుడు.